చిత్రనగర విహారము

తీర్థయాత్ర యైనను, విహారయాత్ర యైనను, కుటుంబముతో బయలుదేరువారు రెండు సంగతులు ముందుగా తెలిసికొనవలెను. అచట చూడదగినవి యెన్ని గలవు? తమలో మిక్కిలి మెల్లగా నడచువా రెవరు? మొదటి ప్రశ్నకు పటము బదులు చెప్పును. రెండవ ప్రశ్నకు ఇంటివారే బదులు చెప్పుకొనవలెను. దానిని మఱచినవారు సాయంకాలమునకు అలసటను మాత్రమే మూటగట్టుకొని వత్తురు.

హైదరాబాదునకు తూర్పుగా, విజయవాడకు పోవు జాతీయరహదారి చెంత రామోజీ ఫిలిం సిటీ యను చిత్రనగరము గలదు. కృష్ణాజిల్లా పెదపారుపూడిలో జన్మించిన చెరుకూరి రామోజీరావు దీనిని 1996లో స్థాపించెను. ఆయన 2024 జూన్ 8వ తేదీన దివంగతుడయ్యెను. ప్రపంచమునందలి చలనచిత్ర నిర్మాణాలయములలో కెల్ల విశాలమైనదిగా ఇది గిన్నిస్ గ్రంథమున కెక్కినది. దీని విస్తీర్ణము 1,666 ఎకరములు. పదియెకరముల కొబ్బరితోటలు 166 ఒకచోట చేర్చినచో ఎంత నేల యగునో, ఈ నగరము రమారమి అంత యున్నది. చిత్రములు తీయుటకై కట్టిన వీథులు, ఉద్యానములు, రైలుస్టేషను, విమానాశ్రయము మున్నగునవి ఇందు గలవు. కొన్ని కట్టడములు ముందునుండి ఒక రూపమున, ప్రక్కనుండి మఱియొక రూపమున కానవచ్చును. ఇంతటి ప్రదేశమును కాలినడకను చూచుట యెవరికిని సాధ్యము కాదు. అందువలన సొంత వాహనములలో వచ్చినవారు కూడ వానిని ద్వారమువద్ద విడిచి, నగరమువారి బస్సులలోనే తిరుగుదురు.

దసరా సెలవులలో రామచంద్రపురమునుండి ఒక కుటుంబము ఈ నగరమును చూడ సంకల్పించెను. తాతగారు, మామ్మ, తల్లిదండ్రులు, ఎనిమిదవ తరగతి చదువు బాలిక, ఆఱేండ్ల బాలుడు, మొత్తము ఆఱుగురు. మామ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె, "నేను ఇంటియొద్దనే యుండెదను. నావలన మీకు ఆలస్యము కలుగును. మీరు పోయి చూచి రండు" అనెను.

తండ్రికి ఎటును తోచలేదు. "ఇంత సొమ్ము వెచ్చించి పోవునపుడు అన్నియు చూడవలదా?" అని అతడు తాతగారితో అనెను.

తాతగారు నవ్వి, "కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థము చూచితివి కదా! ఏకాదశ రుద్రుల ప్రభలు పదునొకండు. అన్నిటి వెంట పరుగెత్తినవాడు దుమ్మునే చూచును. ఒకచోట నిలిచినవాని కన్నుల యెదుటికే ప్రభలు వచ్చును" అని పలికెను.

ఆ మాట విని బాలిక తన నోటుపుస్తకమున మూడు గడులు గీసెను. మొదటి గడిలో బస్సులో కూర్చుండి చూచునవి వ్రాసెను. రెండవదానిలో ఒకచోట కూర్చుండి చూచు ప్రదర్శనలను, మూడవదానిలో పక్షివనము, సీతాకోకచిలుకల వనము మొదలైన నడచి చూడవలసినవానిని వ్రాసెను. "మామ్మా! మొదటి రెండు గడులును నీవి. మూడవ గడికి మేము పోయినపుడు ఎవరో యొకరు నీయొద్ద నుందురు" అని చెప్పెను. మామ్మ ఒప్పుకొనెను.

వారు రావులపాలెము, విజయవాడల మీదుగా ప్రయాణము చేసి, హయత్‌నగరులోని బంధువుల యింట బస చేసిరి. చిత్రనగరము ఆ దారిలోనే యుండుటవలన, నగరమధ్యమునకు పోయి మరలివచ్చు శ్రమ తప్పినది. మఱునాటి యుదయముననే ద్వారమువద్ద ప్రదర్శనల వేళలు తెలిసికొని, బాలిక తన పట్టికను సరిచేసికొనెను. ఎండ ముదురకమునుపే ఎఱ్ఱని బస్సులో వీథులన్నియు చుట్టివచ్చిరి. మార్గదర్శి చెప్పిన విశేషములను అందఱికంటె ఆసక్తితో విన్నది మామ్మయే.

పిమ్మట ఫండుస్తాన్ అను బాలల క్రీడాస్థలము సమీపమున ఒక చెట్టునీడను మామ్మయు తాతగారును కూర్చుండిరి. బాలిక తమ్మునికి ఆ చోటు చూపి, "మేము కనబడనిచో మమ్ము వెదకవలదు. ఇచటికే రావలెను. దారి తెలియనిచో ఉడుపు ధరించిన ఉద్యోగి నడుగుము" అని బోధించెను. తల్లి అతని జేబులో ఫోను నంబరు వ్రాసిన కాగిత ముంచెను.

అనుకొన్నదే జరిగినది. తిరిగివచ్చు వేళ గుంపులో బాలుడు తల్లి చేయి విడిచెను. తల్లిదండ్రులు గుండెలు దడదడలాడగా నలుదిక్కుల వెదకిరి. బాలుడు ఏడ్చుచునే ఒక ఉద్యోగి నడిగి, చెట్టుక్రిందికి చేరెను. వారు వగర్చుచు వచ్చుసరికి అతడు మామ్మ ఒడిలో తల యుంచుకొని యుండెను.

తండ్రి కొంతసేపు మాటాడలేదు. తరువాత, "అమ్మ ఇంటియొద్దనే యుండినచో నేడు వీడు ఎవరియొద్దకు వచ్చియుండును?" అనెను.

పెద్ద ప్రదేశములలో కదలని గుఱుతు ఎంతటి యాధారమో విహారస్థలములను నిర్మించువారికి చక్కగ తెలియును. అమెరికాలో 1955లో తెఱచిన డిస్నీలాండునందును, 1971లో ఫ్లోరిడాలో తెఱచిన వాల్ట్ డిస్నీ వరల్డునందును నడుమ నొక కోట గలదు. ఫ్లోరిడాలోని కోట యెత్తు 189 అడుగులు. దాని ముందరి మైదానమునుండి దారులు బండిచక్రపు ఆకులవలె బయలుదేరును. దారి తప్పినవాడు తల యెత్తి కోటను చూచి మరల నడిమికి చేరును. మన పల్లెలలో గుడిగోపురము బాటసారికి చేయు మేలును ఇట్టిదే.

ఆనాడు ఆ కుటుంబము సీతాకోకచిలుకల వనమును చూడలేదు. రెండు ప్రదర్శనలు తప్పిపోయినవి. ఐనను చూచినవానిని ఆఱుగురును కలిసి చూచిరి. చూడక మిగిలినవానిని మఱియొక మాఱు పోయి చూడవచ్చును. పెద్దలను ఇంట విడిచి చూచిన వింతలను వారికి ఎంత వర్ణించి చెప్పినను, వారు కన్నులార చూచినట్లు కాదు. కావున విహారమునకు పోవునపుడు పట్టికలో మొదట వ్రాయవలసినది స్థలముల పేర్లు కాదు, వెంట వచ్చువారి పేర్లు.