పంపు కొనేముందు రేకు చదువు

చిన్నా,

తాతయ్య అంబాసిడర్ కారుకు పాత డీజిల్ పంపు వెతుకుతున్నావని రాసిన నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అందులో చివరి నాలుగు ముక్కలూ చదివాక మీ పెదనాన్నకు రాత్రి కంటిమీద కునుకు లేదు. ‘అంబాసిడర్ పంపే, చూడ్డానికి అచ్చం మనదే, నంబరు రేకు మాత్రం ఊడిపోయింది, రేపో మాపో అడ్వాన్సు ఇచ్చేస్తా’ అని రాశావు. ఇవ్వకు నాన్నా. ఇచ్చేసి ఉంటే ఆ డబ్బు పోయిందనుకో, మిగతాది మాత్రం కట్టకు.

అసలు ‘అంబాసిడర్ పంపు’ అనే మాటలోనే చిక్కుంది. ఆ కారుకు వచ్చిన డీజిల్ ఇంజిన్ ఒక్కటి కాదు. 1980 ప్రాంతంలో వచ్చినదాంట్లో 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ ఉండేది. తర్వాత వచ్చిన 2000 డీఎస్‌జెడ్‌లో 1995 సీసీ ఇసుజు పెట్టారు. బాడీ చూస్తే ఒకే తల్లి పిల్లలు. బానెట్ ఎత్తితే సంబంధమే లేదు. తాతయ్య కారు ఇసుజుది. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇక పాత సామాను షాపుల్లో ఏ ఇంజిన్ ముక్క ఏ అరలో పడి ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఇసుజు డీజిల్‌ను కాంటెస్సాకు కూడా పెట్టారు కాబట్టి, కావాలంటే ఆ బండి పంపు కోసం అడుగు. కానీ రేకు చూసే అడుగు.

నువ్వు పంపిన ఫొటోలో పంపు వెనక తలమీద నాలుగు పైపులూ గుండ్రంగా అమరి ఉన్నాయి. అది వీఈ రకం, మన మెకానిక్కులు రోటరీ పంపు అంటారు. లారీ పంపుల్లో అయితే పైపులన్నీ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. వీఈ పంపును బాష్ కంపెనీ 1975లో తెచ్చింది. మన దేశంలో ఆ కంపెనీని అందరూ మైకో అనేవాళ్లు. 1951లో మొదలై 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకుంది. అందుకే పాత పంపుల మీద మైకో అనే ఉంటుంది, దానికి కంగారుపడకు.

ఇక రేకు సంగతి. పంపు ఒంటికి రివెట్లు కొట్టిన చిన్న రేకు మీద ‘వీఈ 4/9 ఎఫ్ 2300 ఆర్’ లాంటి వరస ఒకటి ఉంటుంది. 4 అంటే నాలుగు సిలిండర్లు. 9 అంటే లోపలి ప్లంజర్ మందం, మిల్లీమీటర్లలో. ఎఫ్ అంటే గుండ్లతో తిరిగే మెకానికల్ గవర్నర్. 2300 అంటే పంపు నిమిషానికి తిరిగే చుట్లు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్కటే తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ లెక్కలో 4600. ఆర్ అంటే షాఫ్టు వైపునుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కు, ఎల్ అంటే దానికి ఎదురు. బోల్టులు సరిగ్గా కూర్చున్నా ఈ ఒక్క అక్షరం తేడా వస్తే ఆ పంపు నీ ఇంజిన్‌కు పనికిరాదు. ఆ వరస తర్వాత వచ్చే అంకెలు, విడిగా ఉండే పార్ట్ నంబరు, ఇవన్నీ మన పాత పంపు రేకుతో కలవాలి. రివెట్లు కూడా చూడు. పంపంతా జిడ్డుపట్టి రివెట్లు మాత్రం తళతళలాడుతుంటే ఆ రేకు ఇంకో పంపుది కావచ్చు. గోకి ఉన్నా, సగం అరిగి ఉన్నా దండం పెట్టి బయటికి వచ్చెయ్.

మీ పెదనాన్న ఇరవై ఏళ్ల వయసులో విజయవాడ ఆటోనగర్‌లో ఒక పంపు షాపులో పని నేర్చుకున్నాడు. స్పానర్ పట్టుకునే ముందు రేకు మీదున్నదంతా పైకి చదివించి, పలక మీద రాయించేవారు అక్కడి ఉస్తాదు. ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటినుంచి. ఎలిమెంటును, అంటే ప్లంజర్, బ్యారెల్ జతను, డీజిల్‌లో కడిగి, నిలువుగా పట్టుకుని, ప్లంజర్‌ను కాస్త పైకి లాగి వదిలేవారు. అది దాని బరువుకే మెల్లగా, ఎక్కడా తట్టుకోకుండా కిందికి జారాలి. గభాలున పడితే అరిగినట్టు, మధ్యలో ఆగితే గీత పడినట్టు. ఆ రెండింటి మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం దాదాపు డెబ్భై. అన్నం తినొచ్చి చెయ్యి సరిగా కడక్కుండా ముట్టుకుంటే ఆ ఉప్పు తడికి వేలిముద్ర ఉన్నచోటే తుప్పు మచ్చ లేచేది. అన్నట్టు, నువ్వు వేళకు తింటున్నావా? గొంతు నొప్పన్నావు, తగ్గిందా? ఎండలో షాపులన్నీ తిరక్కు.

ఇంకో మాట. పంపే పోయిందని ఎవరు తేల్చారు? తాళం తిప్పగానే పంపు మీది సొలెనాయిడ్ టక్కుమంటోందా? అనకపోతే లోపలికి డీజిలే వెళ్లదు, ఆ చిన్న ముక్క మారిస్తే సరిపోవచ్చు. ఫిల్టర్ దగ్గర ఎయిర్ లాగుతోందేమో చూశారా? చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక ఆపితే మళ్లీ పట్టుకోకుండా, పంపు మీద తడిగుడ్డ వేస్తే పట్టుకుంటుంటే మాత్రం హెడ్ రోటర్ అరిగినట్టే. వేడికి డీజిల్ పల్చబడి ఆ సందుల్లోంచి కారిపోతుంది.

రేకు కలిసిన పంపు దొరికినా నేరుగా ఇంజిన్‌కు ఎక్కించొద్దు. టెస్ట్ బెంచ్ మీద పెట్టించి, నాలుగు గాజు గొట్టాల్లో డీజిల్ సమానంగా పడుతోందో లేదో నీ కళ్లతో చూడు. స్టార్టింగ్ స్పీడులో కూడా చూడమను. అరిగిన పంపు ఎక్కువ స్పీడులో మంచిగానే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అరలో ఎండిన పంపులో సీళ్లు గట్టిపడి ఉంటాయి, అవన్నీ కొత్తవి వేయించు. పైన టర్బో గాలి డబ్బా ఉన్న పంపు మనకు వద్దు.

డబ్బు సంగతి ఆలోచించకు, తక్కువైతే నేను పంపుతాను. అమ్మకు ఈ ఖర్చు చెప్పి బెంగ పెట్టకు.

పంపు విప్పేముందు ఒకటో సిలిండర్ పిస్టన్‌ను పైకి తెప్పించి పుల్లీల మీద పెయింటుతో గుర్తులు పెట్టించు. బిగించాక టైమింగ్ చెవితో కాదు, వెనక మధ్య బోల్టు తీసి డయల్ గేజ్ బిగించి ప్లంజర్ ఎంత లేస్తోందో చూసే పెట్టాలి. విప్పిన పైపుల మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ బిరడాలు పెట్టు, గుడ్డ పీలికలు కుక్కనివ్వకు. పాత పంపు రేకును సబ్బునీళ్లతో తుడిచి దగ్గరగా ఫొటో తీసి ఈ ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న