వెనక సీటు ముచ్చట

ఏమ్మా, మీరూ బైక్ ట్యాక్సీ ఎక్కుతున్నారా? ఎక్కక ఏం చేస్తాం లెండి! అమీర్‌పేటలో మెట్రో దిగాక హాస్టల్ దాకా ఆటో అతను చెప్పే రేటు వింటే నడవడమే నయమనిపిస్తుంది. సందుల్లోకి బస్సు రాదాయె. ఇక ఫోన్ తీసి బైక్ పిలుస్తాం. చున్నీ చక్రంలో పడకుండా నడుముకి బిగించి, హ్యాండ్‌బ్యాగుని మధ్యలో అడ్డుగోడలా పెట్టి కూర్చుంటాం. ఆ బ్యాగు అక్కడెందుకుందో అతనికీ తెలుసు, మనకీ తెలుసు. ఎవరూ మాట్లాడరు!

బండి నంబరు సరిచూసుకుంటాం, ట్రిప్పు వివరాలు ఇంటికి పంపుతాం. మంచిదే. మరి ముందు కూర్చున్నది ఎవరో ఎప్పుడైనా అడిగారా? నేను అడుగుతుంటా, నా నోరు ఊరుకోదు కదా. ఒకబ్బాయి గ్రూప్స్‌కి చదువుతుంటాడు. ఒకాయన ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ పెట్రోలు ఖర్చు రాబట్టుకుంటాడు. "బండి కూడా కిస్తీల మీదనే ఉందక్కా" అన్నాడు ఇంకొకడు. యాప్ కంపెనీలు పిలవడం 'కెప్టెన్' అని పిలుస్తాయి గానీ, పెట్రోలూ టైర్లూ చలాన్లూ అన్నీ ఆ కెప్టెన్‌గారి జేబులోంచే.

నాకు అసలు గుబులంతా ఈ బళ్లకుండే తెల్ల నంబరు ప్లేటుతోనే. అది సొంత వాడకం బండి అని గుర్తు. మామూలు సొంత బండి ఇన్సూరెన్స్ కిరాయికి తిప్పితే వర్తించదు. రేపు ఏదైనా జరిగితే అతనికీ చిక్కే, మనకీ చిక్కే. గోవాలో చూడండి, పసుపు నలుపు రంగు బళ్ల మీద 'పైలట్లు' అనే బైక్ ట్యాక్సీవాళ్లు ఎన్నో ఏళ్లుగా పర్మిట్‌తోనే తిప్పుతున్నారు. ఇక సొంత బైకుల సంగతికొస్తే, 2025 జులైలో కేంద్రం మార్గదర్శకాలిచ్చి, వాటిని కిరాయికి ఒప్పుకోవడం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

ఆడవాళ్లు నడిపే బండి దొరికితే ఎంత బాగుండు అంటారా? హైదరాబాద్‌లో జై భారతి గారి 'మోవో' సంస్థ ఆడవాళ్లకి బండి నేర్పుతోంది. కానీ నేర్చుకున్నంత మాత్రాన సరిపోతుందా? రోజంతా రోడ్డు మీదుంటే బాత్రూమ్‌కి ఎక్కడికెళ్లాలి? రాత్రిపూట తాగొచ్చి వెనకెక్కిన వాణ్ని ఏం చేయాలి? కంపెనీలు వీటికి జవాబు చెప్పకుండా గులాబీ రంగు వేసి పోస్టర్లు అంటిస్తే నేను నమ్మను.

అన్నట్టు, వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలన్నది చట్టమే. గట్టిగా అడిగి తీసుకోండి. ముడి మీద హెల్మెట్ కూర్చోదంటారా, ఆ పూటకి జడేసుకోండి తల్లీ!