పాత విశాలకోణ కటకములు: వానిని వాడు విధము

గత సంవత్సరము వార్షికోత్సవమునకు ముందు తొమ్మిదవ తరగతివారి సమూహచిత్రమును తీయు పని మా ఛాయాచిత్ర సంఘమునకు లభించెను. అంతకు కొలది దినముల ముందే పూర్వవిద్యార్థి యొకరు తమ యింట పెట్టెలో బహుకాలము పడియున్న యొక పాత కటకమును మాకు బహూకరించి యుండిరి. దాని నాభ్యంతరము 28 మిల్లీమీటర్లు. దానిని నేటి డిజిటల్ కెమెరాకు బిగించి చూడగా, మేము బాలురకు మిక్కిలి దగ్గఱగా నిలిచియున్నను వరుస యంతయు చట్రములో నిమిడెను. మేము సంతోషించి వెనుకకు ఒక్క అడుగైన జరుగక చిత్రమును తీసితిమి.

ప్రతులు వచ్చిన పిదప మా సంతోషము నిలువలేదు. నడుమ నిలిచినవారందఱు చక్కగానే యుండిరి. కుడివైపు చివర నిలిచిన బాలుని మొగము మాత్రము అడ్డముగా సాగి, భుజములు వెడల్పయి, చూచువారికి నవ్వు పుట్టించునట్లుండెను. తోడివారు నవ్విరి కూడ. సాయంకాలము ప్రతిని తీసికొనుటకు వచ్చిన అతని తల్లి దానిని కొంతసేపు చూచి, "మాష్టారూ, మావాడు ఇట్లుండడు గదండీ," యని మెల్లగా ననెను. మేమేమియు బదులు చెప్పలేకపోతిమి. కటకము పాతది గనుక చెడినదని కొందఱనిరి. ఆ మాట నిజమా కాదా యని తెలిసికొనుటకై మేము చేసిన పరిశీలనయే ఈ వ్యాసమునకు మూలము.

1. కోణ విచారము

కటకమునుండి దూరవస్తువుల ప్రతిబింబము స్ఫుటముగా నేర్పడు తావునకు గల దూరమునే స్థూలముగా నాభ్యంతర మందురు. నాభ్యంతరము తగ్గినకొలది దృశ్యములో నెక్కువ భాగము ఫిల్ముపై బడును. సాధారణమైన ఫిల్ము చట్రము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల యెత్తు గలది. అట్టి చట్రమునకు 50 మిల్లీమీటర్ల కటకము అడ్డముగా సుమారు 40 డిగ్రీల కోణమును, 35 మిల్లీమీటర్లది 54 డిగ్రీలను, 28 మిల్లీమీటర్లది 65 డిగ్రీలను, 20 మిల్లీమీటర్లది 84 డిగ్రీలను చూపును. 35 మొదలుకొని అంతకు తక్కువైనవానిని విశాలకోణ కటకములని వాడుక.

ఇచట నొక సంగతి మఱువరాదు. కోణము కటకమును మాత్రమే గాక దాని వెనుకనున్న పలక వెడల్పును బట్టి కూడ నుండును. డిజిటల్ కెమెరాలలో ఫిల్మునకు బదులు వెలుగును గ్రహించు సెన్సరు అను పలక యుండును. పెక్కు కెమెరాలలో ఈ పలక వెడల్పు 24 మిల్లీమీటర్లకు మించదు. అట్టిదానిపై 28 మిల్లీమీటర్ల కటకము, పూర్తి చట్రముపై 42 మిల్లీమీటర్ల కటక మెంత చూపునో అంతయే చూపును. విశాలకోణ కటకమును కొని, చిన్న పలకగల కెమెరాకు బిగించి, "ఇది విశాలముగా లేదే" యని చింతించువారు ఈ లెక్కను ముందుగా వేసికొనవలయును. మా కెమెరా పూర్తి చట్రము గలది.

2. చరిత్ర

విశాలముగా జూడవలెనను కోరిక క్రొత్తది కాదు. 1900లో ఎమిల్ ఫాన్ హ్యోగ్ అను శాస్త్రజ్ఞుడు బెర్లినులోని గోయెర్జ్ కంపెనీకై హైపర్‌గాన్ అను కటకమును కల్పించెను. ఒకదాని కొకటి యెదురుగా నిలిపిన రెండు వంపుగాజులే దాని శరీరము. అది దాదాపు 135 డిగ్రీలను చూచెడిది. కాని నడుమ వెలుగు మిక్కుటమై అంచులు చీకటిగా నుండుటచే, కటకము ముందు నక్షత్రాకారముగల చిన్న రేకును రబ్బరు బుడ్డి గాలితో గిరగిర ద్రిప్పి నడిమి వెలుగును తగ్గించెడివారు.

ఇట్టి కటకములు ఫిల్మునకు మిక్కిలి చేరువగా నుండవలయును. తరువాత ప్రచారమునకు వచ్చిన ప్రతిబింబక కెమెరాలలో కటకమునకు ఫిల్మునకు నడుమ నొక అద్దము లేచుచు దిగుచు నుండును. దానికి చోటు కావలెను గదా! 28 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకమును 45 మిల్లీమీటర్ల దూరమున నుంచుట యెట్లు? ఈ చిక్కును 1950లో ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ఆంజెన్యూ 35 మిల్లీమీటర్ల రెట్రోఫోకస్ కటకముతో విప్పెను. ముందు పుటాకార కటకమును, వెనుక కుంభాకార కటక సముదాయమును ఉంచినచో, మొదటిది కిరణములను విరియజేయగా రెండవది వెనుక దూరముగా వానిని కూర్చును. దూరదర్శినిని తలక్రిందుగా బట్టి చూచినట్లే యిది. జర్మనీలోని యేనా పట్టణపు జైస్ కర్మాగారమువారి ఫ్లెక్టోగాన్ కటకములు కూడ ఈ మార్గమునకు చెందినవే. ముందు పెద్ద గుండ్రని గాజుతో నుండు పాత విశాలకోణ కటకములలో పెక్కు ఈ జాతివి.

3. కెమెరాకు గూర్చుట

మాకు లభించిన కటకము వెనుక 42 మిల్లీమీటర్ల మర కలదు. 1949లో డ్రెస్డెనులో వెలువడిన కాంటాక్స్ ఎస్ కెమెరాతో ఈ మర ప్రసిద్ధికి వచ్చెను. ప్రాక్టికా, జెనిట్, పెంటాక్స్ స్పాట్‌మాటిక్ మొదలగు ఫిల్ము కెమెరాలకు ఈ కటకము నేరుగా బిగియును. ఇతర కెమెరాలకు గూర్చుటకు అడాప్టరు అను నడిమి కడియము కావలయును. ఆ కడియపు మందము కేవలము తీసివేత లెక్క.

ప్రతి కెమెరాలోను కటకమానుకొను అంచునుండి ఫిల్ము లేక సెన్సరు వఱకు నియతమైన దూరముండును. 42 మిల్లీమీటర్ల మరకు అది 45.46 మిల్లీమీటర్లు. అద్దము లేని సోనీ కెమెరాలకు 18, నికాన్ జెడ్ వానికి 16, కానన్ ఆర్‌ఎఫ్ వానికి 20 మిల్లీమీటర్లు. కావున సోనీకి 45.46 నుండి 18 తీసివేయగా 27.46 మిల్లీమీటర్ల కడియము సరిపోవును. నికాన్ వారి పాత ఎఫ్ బిగింపు దూరము 46.5 మిల్లీమీటర్లు. ఇది 45.46 కంటె నెక్కువ. కావున గాజులేని వట్టి కడియముతో మన కటకము ఆ కెమెరాపై దూరవస్తువులను స్ఫుటముగా చూపజాలదు.

కడియము కొనునపుడు వెలను మాత్రమే చూడరాదు. నాభ్యంతరపు వర్గమును కడియపు హెచ్చుమందముతో భాగించినచో, కటకము స్ఫుటముగా చూపగల అత్యధిక దూరము సుమారుగా వచ్చును. 28 వర్గము 784. కడియము ఒక మిల్లీమీటరులో పదవవంతు హెచ్చు మందమైనచో 784ను 0.1 చే భాగింపగా 7,840 మిల్లీమీటర్లు, అనగా ఎనిమిది మీటర్లకు లోపు వచ్చును. అంతకు ఆవలనున్న కొండలు, గోపురములు ద్వారమును తగ్గించిననే గాని తేటపడవు. అదే తప్పు 50 మిల్లీమీటర్ల కటకమునకు 25 మీటర్ల హద్దును కల్పించును. కడియము పలుచనైనచో దూరము అందును గాని, కటకముపై చెక్కిన దూరపు అంకెలు తప్పగును.

4. వాడుక

పాత కటకము కెమెరాతో మాటాడదు. కావున డిజిటల్ కెమెరాలో "కటకము లేకున్నను షట్టరు పనిచేయవలెను" అను అమరికను ముందుగా చేసికొనవలయును. పిమ్మట ద్వారమును మనమే తిప్పి, షట్టరు కాలమును కెమెరాకు విడువవచ్చును. లేదా రెంటిని మనమే నిర్ణయింపవచ్చును. ద్వారమును పూర్తిగా తెఱచి, తెరపై దృశ్యమును పెద్దదిగా చేసి, స్ఫుటత కుదిరిన పిదప ద్వారమును 8 లేక 11కు తగ్గించుట మంచి పద్ధతి.

విశాలకోణ కటకములకు లోతు ఎక్కువ. 28 మిల్లీమీటర్ల కటకమును 8వ ద్వారసంఖ్య యొద్ద 3.3 మీటర్లకు అమర్చినచో, సుమారు 1.65 మీటర్ల నుండి అనంతదూరము వఱకు అన్నియు తగినంత తేటగా వచ్చును. అందుచే ఆటలపోటీలలో ప్రతిసారి ఉంగరమును త్రిప్పుచు కూర్చుండ నక్కఱలేదు.

ఫిల్ము కెమెరాలో వెలుగుకొలత చెడిపోయినను భయములేదు. ఎండకాయుచున్నపుడు 100 వేగముగల ఫిల్మునకు ద్వారము 16, కాలము సెకనులో 125వ వంతు అని జ్ఞాపకముంచుకొనిన చాలును. ఫిల్ము చుట్టలో 36 చిత్రములే యుండుటచే బాలురు చూచి, యోచించి మీటను నొక్కుదురు. ఈ అలవాటు డిజిటల్ కెమెరా చేపట్టినపుడును పనికివచ్చును.

హైపర్‌గాన్ వలె ఫిల్మునకు చేరువగా నుండు సమరూప కటకములు డిజిటల్ పలకపై మూలల రంగుమార్పును, మసకను కలిగింపవచ్చును. కిరణములు మిక్కిలి వాలుగా వచ్చి పలకపై గల గాజుపొరను దాటవలసియుండుటయే కారణము. ఫిల్ముపై నట్టి కటకములు మేలుగా పనిచేయును. రెట్రోఫోకస్ జాతివానితో ఈ బాధ తక్కువ. సూర్యుని కెదురుగా తీయునపుడు మాత్రము పాత కటకములు తెల్లబారును. చేతిని అడ్డుపెట్టి నీడ చేయవలయును, చేయి చట్రములోనికి రాకుండ చూచుకొనవలయును.

5. ఆ బాలుని మొగము

ఇక మా తప్పునకు వత్తము. రాత్రివేళ టార్చిలైటును గోడకు నేరుగా చూపినచో వెలుగు గుండ్రముగా పడును. ప్రక్కకు వాల్చి చూపినచో సాగి కోడిగ్రుడ్డువలె నగును. అట్లే చట్రపు అంచున పడు కిరణములు ఫిల్మును వాలుగా తాకును. సరళరేఖలను సరళముగా చూపు ఏ కటకమైనను అంచుననున్న గుండ్రని వస్తువును సాగదీయక తప్పదు.

మా వరుస వెడల్పు ఏడు మీటర్లకు కొంచెము తక్కువ. మేము 5.5 మీటర్ల దూరమున నిలిచితిమి. చివరి బాలుడు నడిమిరేఖనుండి సుమారు 32 డిగ్రీల కోణమున నుండెను. లెక్క చూడగా అతని తల అడ్డముగా నూటికి సుమారు 18 పాళ్లు సాగెను. పది మీటర్ల దూరమున నిలిచియున్నచో ఆ సాగుడు నూటికి 6 పాళ్లకు మించియుండదు. అపుడు వరుస చట్రములో సగమునకు కొంచెమెక్కువ భాగమునే ఆక్రమించును. మిగిలిన దానిని కత్తిరింపవచ్చును. 50 మిల్లీమీటర్ల కటకముతో పది మీటర్ల దూరమునుండి తీసినను సాగుడు అంతయే. కావున కటకము నిర్దోషి. ఎక్కడ నిలువవలయునో యోచింపని మాదే దోషము.

ఇంకొక వింత కలదు. ఆ చిత్రమును 36 సెంటీమీటర్ల వెడల్పుగా ముద్రించి, నడిమిభాగమున కెదురుగా 28 సెంటీమీటర్ల దూరమున ఒంటికన్నుతో చూచినచో బాలుని మొగము సరిగానే కనబడును. కాని గోడకు తగిలించిన చిత్రమును అంత దగ్గఱగా నిలిచి చూచువారెవరు? విశాలకోణ కటకముతో తీయునపుడు అంచులలో మనుష్యులను గాక చెట్లను, గోడలను, ఆకాశమును ఉంచుట మర్యాద.

6. సంరక్షణ

తీరప్రాంతపు తేమ కటకములకు శత్రువు. తోలుపెట్టెలో మూసి బీరువాలో దాచిన కటకమునకు లోపల సాలెగూడు వంటి బూజు పట్టును. అది ముదిరినచో గాజుపై పూతను తినివేయును. గట్టి మూతగల డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచి, నెలకొకసారియైన బయటికి తీసి వాడవలయును. కొనునపుడు టార్చిలైటును వెనుకనుండి చూపి బూజును, మసకను వెదకవలెను. ద్వారపు రేకులపై నూనె లేదని, ఉంగరము మెత్తగా తిరుగుచున్నదని చూచుకొనవలెను. కొన్ని పాత కటకముల గాజులో థోరియము కలిసియుండుటచే అవి కాలక్రమమున పసుపెక్కును. కొన్ని దినములు ఎండ తగులనిచ్చిన ఆ పసుపు చాలవఱకు విఱుగును. కాని కటకము గుండ ఎండ ఒకచోట కూడి నిప్పు పుట్టింపగలదు గాన, వెనుకవైపు మూత పెట్టియుంచవలెను.

ఈ లెక్కలన్నియు నల్లబల్లపై వేసిన మఱునాడు తొమ్మిదవ తరగతివారిని మరల పిలిచితిమి. ఆ బాలుని నడుమ నిలువుమంటిమి. వాడు ఒప్పుకొనక, "చివరనే నిలుచుందునండీ, లెక్క నిజమో కాదో చూతము," అనెను. ఈసారి నాడెములతో కొలిచి పది మీటర్ల దూరమునుండి, అదే పాత కటకముతో తీసితిమి. ప్రతి వచ్చిన దినమున అతని తల్లి దానిని చూచి, "ఇప్పుడు మావాడే," యని నవ్వి కొంగున చుట్టుకొని పోయెను. మొదటి ప్రతిని సంఘపు గదిలో గోడకు తగిలించుకొంటిమి, దాని క్రింద "5.5 మీటర్లు" అని మాత్రము వ్రాసియున్నది. క్రొత్తగా చేరువారు దాని అర్థమేమని అడిగినపుడు, ఆ బాలుడే వచ్చి టార్చిలైటు తీసి గోడపై చూపుచున్నాడు.