కడుపులోని సూక్ష్మజీవులు – తలలోని మరపు

జ్ఞాపకశక్తి ప్రకృతి మానవునికి ఇచ్చిన వరం అంటారు పెద్దలు. ఆ వరం విలువ అది పోయినప్పుడు గాని తెలియదు. మా నాయినమ్మ నాట్ల కాలంలో ఏ మడికి ఎన్ని కట్టల నారు పడుతుందో గట్టు మీద నిలబడి చెప్పేది. ఒక్క కట్ట కూడా తేడా వచ్చేది కాదు. మొన్న సంక్రాంతి సెలవులకు మంథని దగ్గరి మా ఊరికి వెళితే, వాకిట్లో నన్ను చూసి "ఎవలింటి బిడ్డవు?" అని అడిగింది.

అదే వారంలో ఒకాయన మా ఇంటికి వచ్చి బాపుతో అన్నాడు: "మతిమరుపు కడుపుల నుంచే మొదలైతది. కరెంటు సూదులు వేయిస్తే కడుపు బాగైతది, మతి మళ్ళ వస్తది. చైనా వాళ్ళు కనిపెట్టిన్రు." మొత్తం వైద్యానికి ఆయన చెప్పిన ఖర్చు ఒక యాసంగి వరిలో మాకు మిగిలేదానికన్న ఎక్కువ. ఆయన వెళ్ళాక బాపు నన్ను "నువ్వు సైన్సు చదువుతున్నవు గదా, ఇది నిజమేనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సెలవుల తర్వాత ఆ జవాబు కోసం చదివినదే ఈ వ్యాసం. మన కళాశాలలో ఇటువంటి పెద్దలున్న ఇండ్ల నుండి వచ్చినవారు ఇంకా ఉంటారని ఇక్కడ రాస్తున్నాను.

అల్జీమర్స్ వ్యాధి అనగా నేమి?

1901వ సంవత్సరంలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని తీసుకువచ్చారు. ఆమె మాటలు మరచిపోయేది, ఇంటివాళ్ళను అనుమానించేది. అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఆమెను శ్రద్ధగా గమనించాడు. 1906లో ఆమె చనిపోయిన తర్వాత మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అదే ఏడాది నవంబరులో తాను చూసినదాన్ని వైద్యుల సభలో వివరించాడు. మెదడు కణాల మధ్య గడ్డకట్టిన మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారపు ఉండల వంటివి కనిపించాయి. ఆ మచ్చలలో ఉన్నది అమైలాయిడ్ బీటా అనే ప్రోటీను అనీ, ఉండలలో ఉన్నది టౌ అనే ప్రోటీను అనీ తరువాత తేలింది. 1910లో క్రేపెలిన్ ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

ముసలితనంలో పేరు గుర్తుకు రాకపోవడం వేరు, ఈ వ్యాధి వేరు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం సహజమే. తాళంచెవి దేనికో మరచిపోతే మాత్రం అది రోగమే. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి మతి క్షీణించే జబ్బులున్నాయి. అలాంటి జబ్బులలో అల్జీమర్స్‌దే అధిక భాగం.

కడుపుకూ మతికీ సంబంధం – మన జొన్న చేలలోనే

కడుపు చెడితే మతి చెడుతుందన్న మాట వినగానే నేను నవ్వాను. ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గుపడవలసి వచ్చింది. ఎందుకంటే అందుకు గొప్ప నిదర్శనం మన హైదరాబాదులోనే ఉన్నది.

పెల్లాగ్రా అనే జబ్బులో ఎండ తగిలే చోట్ల, అనగా మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. చివరకు మతి చలిస్తుంది. నయాసిన్ అనే విటమిను లోపమే దీనికి మూలం. అమెరికాలో ఒకప్పుడు ఇది మక్కలు తినే పేదల జబ్బుగా ఉండేది. మన దక్కను పీఠభూమిలో జొన్న తినే పేదలకు కూడా ఇది వస్తున్నదని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య గుర్తించి, 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. శరీరం ట్రిప్టోఫాన్ నుండి నయాసిన్ తయారుచేసుకునే పనికి అది అడ్డుపడుతున్నదని వారి వాదన. వారు పనిచేసిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదు చేరింది.

ఇందులో జొన్న తప్పేమీ లేదు. పప్పు, పాలు, కూర లేకుండా ఏడాది పొడుగునా గట్క ఒక్కటే తినవలసిన బీదరికానిదే తప్పు. మనం గమనించవలసినది ఇంకొకటుంది. పెల్లాగ్రాలో చెడిన మతి, సకాలంలో నయాసిన్ ఇస్తే తిరిగి వస్తుంది. అల్జీమర్స్‌లో చచ్చిన కణం తిరిగి రాదు. కడుపు దారిన మతికి చేటు రావచ్చునని పెల్లాగ్రా నిరూపించింది. అంతమాత్రాన ప్రతి మతిమరుపూ ఆ దారినే వచ్చిందనడానికి వీల్లేదు.

పేగులలోని ప్రజలు

మన శరీరంలోని కణాలు సుమారు 30 లక్షల కోట్లు కాగా, మనలో కాపురముండే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. వీటిలో అత్యధికం పెద్ద పేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలే పేగు గోడకు ఆహారం. గోడ బలహీనమైతే బాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరి ఒళ్ళంతా మంటను, అనగా ఇన్‌ఫ్లమేషన్‌ను రేపుతాయి. అది మెదడు దాకా పాకవచ్చును. వేగస్ అనే నరం పేగుకూ మెదడుకూ నేరుగా టెలిఫోను తీగ వంటిది.

2017లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 25 మంది అల్జీమర్స్ రోగుల మలాన్ని, ఆరోగ్యవంతులైన 25 మంది మలంతో పోల్చి చూశారు. రోగుల పేగులలో బాక్టీరియా రకాలు తక్కువగా ఉన్నాయి. అదే ఏడాది ఐరోపాలో, ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకలలో అమైలాయిడ్ మచ్చలు తక్కువగా ఏర్పడ్డాయని ప్రకటించారు. 2023లో ఐర్లండులోని కార్క్ నగరంలో అల్జీమర్స్ రోగుల పేగు బాక్టీరియాను వయసులో ఉన్న ఎలుకలకు ఎక్కిస్తే, వాటి జ్ఞాపకశక్తి దెబ్బతిన్నది.

కాని కథ ఇక్కడితో ముగియలేదు. మంచి చేస్తాయని మనం మెచ్చుకున్న ఆ ఆమ్లాలే, సూక్ష్మజీవులు లేని ఎలుకలకు ఇచ్చినప్పుడు అమైలాయిడ్ మచ్చలను పెంచాయని 2021లో ఇంకొక బృందం చూపింది. ఒకే ఎరువు ఒక నేలలో పంటను పెంచి, మరొక నేలలో మాడ్చినట్లున్నది వ్యవహారం. పేగు బాక్టీరియా మీద పనిచేస్తుందని చెప్పిన ఒక మందుకు చైనా 2019లో షరతులతో అనుమతి ఇచ్చింది. ఇతర దేశాలలో సాగిన దాని పెద్ద పరీక్ష 2022లో మధ్యలోనే ఆగిపోయింది.

కరెంటు సూదుల సంగతి

సన్నని సూదులను శరీరంలోని నిర్ణీత స్థానాలలో గుచ్చడం చైనా వారి ప్రాచీన వైద్యం. ఆ సూదులకు తీగలు తగిలించి అతి స్వల్పమైన విద్యుత్తును విడతలు విడతలుగా పంపడం ఇరవయ్యవ శతాబ్దపు మార్పు. 1971లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా విలేఖరి పెకింగులో ఆపరేషను చేయించుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన కడుపు బాధకు సూదులు వేయించుకుని ఆ అనుభవాన్ని పత్రికలో రాశాడు. దానితో పడమటి దేశాలలో ఈ వైద్యానికి పేరు వచ్చింది. మనకు అంతకు ముందే సంబంధమున్నది. 1938లో కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన వైద్యులలో ఒకరైన బి.కె. బసు తరువాత ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో ప్రారంభించారు.

ఇందులో శాస్త్రం ఏమీ లేదని కొట్టిపారేయడానికి వీల్లేదు. మోకాలిచిప్పకు నాలుగు వేళ్ళ కింద, కాలికి బయటి పక్కన ఉన్న స్థానంలో స్వల్ప విద్యుత్తు పంపితే, ఎలుకలలో వేగస్ నరం ద్వారా అడ్రినల్ గ్రంథి ప్రేరేపితమై ఒంట్లో మంట తగ్గుతుందని 2021లో హార్వర్డ్‌లోని చ్యూఫు మా బృందం నేచర్ పత్రికలో చూపింది. అందుకు కావలసిన నరాలు కాలిలో ఉన్నాయి, పొట్ట చర్మం కింద లేవు. కనుక ఎక్కడ గుచ్చామన్నది ముఖ్యమే.

అల్జీమర్స్ లక్షణాలు వచ్చేటట్లు పెంచిన ఎలుకలకు తల నడినెత్తిన, కాలి మీద కరెంటు సూదులు వేసి చైనాలో అనేక ప్రయోగాలు చేశారు. నీళ్ళ తొట్టిలో దాగిన మెట్టును అవి త్వరగా వెతుక్కున్నాయి. పేగులోని బాక్టీరియా కూర్పు ఆరోగ్యమైన ఎలుకల కూర్పుకు దగ్గరైంది. మంట తగ్గింది. మా ఇంటికి వచ్చినాయన ఈ కబురే ఎక్కడో విని ఉంటాడు.

మందు కొట్టిననాడే వాన పడితే?

రైతు బిడ్డగా నాకు ఇక్కడే సందేహం వచ్చింది. పత్తి చేనుకు మందు కొట్టిన రాత్రే వాన పడి, వారానికి చేను పచ్చబడితే అది మందు గుణమా, వాన గుణమా? ఒక మడికి మందు వేయకుండా విడిచిపెడితే తప్ప తెలియదు. ఎలుకలో బాక్టీరియా మారింది, జ్ఞాపకమూ మెరుగైంది. మొదటిది రెండవదానికి కారణమా, లేక రెండూ మూడవ కారణం వల్ల వచ్చాయా? ముందుగా బాక్టీరియాను చంపి సూదులు వేసి చూడాలి. సూదులు వేసిన ఎలుక బాక్టీరియాను, వేయని ఎలుకకు ఎక్కించి చూడాలి. అప్పుడు గాని తెలియదు.

మనుషుల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. సూది గుచ్చినట్లు నటించి గుచ్చకుండా ఉండడం కష్టం. వైద్యుడు ఆప్యాయంగా పలకరిస్తేనే రోగికి కొంత నయమనిపిస్తుంది. పైగా ఎలుకకు ఈ జబ్బు మనం జన్యువులు మార్చి తెచ్చిపెట్టినది. మనిషికి అది ఇరవై ఏళ్ళు లోలోపల పెరిగి బయటపడేది. ఎలుక తొట్టికీ మా నాయినమ్మ వాకిలికీ మధ్య దూరం చాలా ఉన్నది.

హైదరాబాదు చెప్పిన మరొక మాట

2013లో నిమ్స్ ఆసుపత్రి నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతిక్షీణత రోగులను పరిశీలించారు. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ కలగలిసిన మన బజార్లే ఆ పరిశోధనకు ప్రయోగశాల అయ్యాయి. అయితే సగటు వేరు, ఒక మనిషి వేరు. గోదావరి అవతల సిరొంచ వైపు పుట్టిన మా నాయినమ్మకు తెలుగుతో పాటు మరాఠీ కూడా వచ్చు. ఆమెకూ మరపు రానే వచ్చింది.

2024లో లాన్సెట్ సంఘం మనం మార్చుకోగల 14 కారణాలను జాబితా వేసి, వాటన్నిటినీ తొలగించగలిగితే ఇంచుమించు 45 శాతం కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని చెప్పింది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, రక్తపోటు, చక్కెర జబ్బు, పొగ, ఒంటరితనం వాటిలో ఉన్నాయి.

బాపుకు చెప్పిన జవాబు

చివరకు నేను బాపుతో ఇట్లా చెప్పాను: "ఆయన చెప్పింది అంతా అబద్ధం గాదు బాపూ. కని అది ఇంకా ఎలుకల కాడనే ఉన్నది. పంట పైసలు పెట్టేటంత రుజువు లేదు. ముందు పెద్ద డాక్టరుకు చూపిద్దాం." బి-12 విటమిను లోపం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత కూడా మతిమరుపులాగే కనబడతాయి. అవి నయం చేయదగినవి. ముందు వాటిని పరీక్షించకుండా ఏ సూదికీ పోరాదు.

రక్తపరీక్షలో నాయినమ్మకు బి-12 తక్కువ ఉందన్నారు, ఇంజెక్షన్లు ఇస్తున్నారు. దానితో మరపంతా పోతుందని డాక్టరు అనలేదు, మేమూ అనుకోవడం లేదు. చెవులు సరిగా వినబడడం లేదని కూడా తేలింది. ఇన్నాళ్ళూ ఆమె మాట్లాడకపోవడాన్ని మేము ముసలితనం అనుకున్నాము. ఇప్పుడు అవ్వ రోజూ దగ్గర కూర్చుని గట్టిగా మాట్లాడుతున్నది. బాపు పొద్దున పొలం గట్టు దాకా నడిపిస్తున్నాడు.

మిత్రులారా! మన తరంలో ఎవరో ఒకరు, బహుశా ఈ జిల్లాల నుండే, ఈ చిక్కుముడిని విప్పవచ్చును. అందాక మనం చేయగలది ఒకటున్నది. ఇంట్లో పెద్దలు మనకు చదువు చెప్పించింది, కొత్త మాట విన్నప్పుడు "రుజువేది?" అని వారి తరఫున అడగడానికి కూడా. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఆ పని చేద్దాం. వారు మన పేరు మరచిపోతే విసుక్కోకుండా మళ్ళీ చెబుదాం.