ఋణవిముక్తి - గృహస్థుని సంతోషము

మహాభారతమునందు యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో ‘సుఖముగా ఉండువాడు ఎవడు?’ అనునది ఒకటి. ధర్మరాజు చెప్పిన సమాధానమున రాజ్యము లేదు, ధనరాశి లేదు. అప్పు లేక, పరదేశవాసము లేక, తన ఇంట కూరాకైనను వండుకొని తినువాడే సుఖి అని అతని భావము. పెద్దలు ఈ మాటను అప్పుల విషయమున తరచుగా ఉదాహరింతురు. కాని అందులో ఒక సగము మాత్రమే వారి నోట వినబడును. అప్పు లేకుండుట యెంత ముఖ్యమో, ఇంట వండుకొని తినుటయు అంత ముఖ్యముగా అక్కడ చెప్పబడినది. ఋణవిముక్తియు, అనుభవమును ఒకదాని తరువాత ఒకటి వచ్చునవి కావు. రెండును కలిసి నడువవలసినవి. ఉద్యోగవిరమణకు ముందుగా అప్పు తీర్చదలచిన గృహస్థుడు మొదట గ్రహింపవలసిన పాఠమిదియే.

విరమణకు ముందే ఏల?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022 జనవరి నుండి 62కు పెరిగినది. తెలంగాణలో 2021లో 61 సంవత్సరములైనది. వయస్సు పెరిగినది గాని, ఆ దినము రాక మానదు. పాత పింఛను పద్ధతిలో ఉన్నవారికి సైతము చివరి మూలవేతనములో సగమునకు మించి పింఛను రాదు. 2004 సెప్టెంబరు 1 నుండి కొలువున చేరి భాగస్వామ్య పింఛను పద్ధతిలో ఉన్నవారు మరింత జాగరూకులై ఉండవలెను. రాబడి సగమైనను అప్పు కిస్తీ సగము కాదు. పైగా ఆ వయస్సున మందుల ఖర్చు పెరుగునే గాని తగ్గదు.

‘గ్రాట్యుటీ వచ్చును గదా, దానితో తీర్చివేయుదుము’ అనువారు అనేకులు. గ్రాట్యుటీ అనునది ముప్పదియేండ్ల సేవకు చివరి ఫలము. వృద్ధాప్యమునకు మొదటి ఊతకఱ్ఱ. అది చేతికి రాకముందే వేరొకరి పాలు చేయుట, కోతకు రాని పైరును పొలములోనే అమ్ముకొనుట వంటిది. పింఛనులో 40 శాతము వరకు అమ్ముకొని ఒకేసారి సొమ్ము తీసికొనుటకు అవకాశమున్నది. కాని అట్లు అమ్ముకొనిన భాగము మరల కలియుటకు 15 సంవత్సరములు పట్టును.

ఒక కుటుంబపు లెక్క

లెక్క లేని మాట గాలిమాట. కావున ఒక ఉపాధ్యాయుని సంసారమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. అతడు తన 45వ యేట ఇల్లు కట్టుకొనుటకై బ్యాంకునుండి 20 లక్షల రూపాయలు అప్పు తీసికొనెను. వడ్డీ 9 శాతము, గడువు 20 సంవత్సరములు. నెలకు సుమారు 17,995 రూపాయల కిస్తీ. మొదటి నెల కిస్తీలో 15,000 రూపాయలు వడ్డీకే పోయెను. అసలునకు చేరినది 2,995 మాత్రమే. వడ్డీ రేటు మారలేదని అనుకొన్నచో, పదియేండ్లలో అతడు బ్యాంకునకు చెల్లించినది 21 లక్షల 59 వేల పైచిలుకు. అయినను 55వ యేట అసలు ఇంకను 14 లక్షల 20 వేలు మిగిలియుండును. గడువు సగము గడచినంత మాత్రమున అప్పు సగము తీరినట్లు కాదు. ఈ విషయము తెలియక మోసపోవువారు చదువుకొన్న వారిలోనే ఎక్కువ.

ఇట్లే సాగినచో 62వ యేట విరమణ నాటికి 5 లక్షల 66 వేలు బాకీ ఉండును. కిస్తీ 65వ యేటి వరకు వెంటాడును.

ఇది గాక అమ్మాయి వివాహమునకు అతడు ప్రోనోటు మీద 2 లక్షలు తెచ్చియుండెను. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. నెలనెల 4,000 రూపాయలు వడ్డీకే కట్టుచు, మూడేండ్లకొకసారి నోటు తిరుగవ్రాయుచుండెను. ఈ నోటు సంగతి భార్యకు తెలియదు. మరియొక వైపు, ‘ఆపదకు ఉండనీ’ అని 3 లక్షల రూపాయలు 7 శాతము వడ్డీకి బ్యాంకులో డిపాజిట్టు చేసియుంచెను. ఒక చేత నూటికి 7 పుచ్చుకొనుచు, రెండవ చేత నూటికి 24 ఇచ్చుచున్నట్లు అతనికి తోచనే లేదు.

బిగించిన పిడికిలి

54వ యేట అతనికి భయము పట్టుకొనెను. విరమణ లోపల అప్పంతయు తీర్చవలెనని నిశ్చయించుకొని, ఖర్చులన్నియు ఒక్కసారిగా బిగించెను. ఏటేట శివరాత్రికి పోవు శ్రీశైలయాత్ర మానెను. సంక్రాంతికి కూతురును అల్లుని పిలువలేదు. ఇంటికి వచ్చు పత్రికలు ఆగిపోయెను. సోమవారములందు ఒకరికో ఇద్దరికో పెట్టు భోజనము నిలిచిపోయెను. వీనివలన నెలకు 3,000 రూపాయలు మిగులుచుండెను. ఎనిమిది నెలలలో 24,000 కూడబెట్టెను.

తొమ్మిదవ నెలలో మనుమని నామకరణము వచ్చెను. సంక్రాంతికి పిలువని లోటు తీరవలెనని, బంధువులలో మాట పడరాదని, పట్టుబట్టలు, వెండిగిన్నె, భోజనములు అన్నియు క్రెడిట్ కార్డు మీద జరిగెను. రెండు దినములలో 60,000 రూపాయలు. గడువులోపల కట్టలేకపోయినందున దానిపై నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ పడుట మొదలిడెను. అనగా నెలకు 2,100 రూపాయలు. ఎనిమిది నెలల ఉపవాసము రెండు దినముల విందులో కరగిపోయెను. ఇది అతని ఒక్కని దోషము కాదు. ఉచితమైన సంతోషమునకు చోటు లేని పొదుపు ఎక్కువకాలము నిలువదు. అణచిన కోరిక అప్పు రూపమున మరల తలయెత్తును.

ఆ రాత్రి అతడు కాగితములు ముందు వేసికొని కూర్చుండగా భార్య అడిగినది: “ఏమండీ, ఈ నోటు ఎప్పటిది? నాకెందుకు చెప్పలేదు?”

అతడు బదులు చెప్పలేకపోయెను.

“చెబితే నేను బెంగపడతాననుకున్నారు. చెప్పకుండా శ్రీశైలం మాన్పించారు. నేను మీకు కోపమొచ్చిందనుకున్నాను. పిల్లల్ని పండుగకు పిలవకపోతే అప్పు తీరిపోయిందా? ఏడేళ్ల తర్వాత తీరిగ్గా పోదామంటారు. అప్పటికి నా మోకాళ్లు ఆ మెట్లెక్కుతాయని ఎవరు రాసిచ్చారండీ?”

ఈ మాటలలో కోపము కంటె సత్యమే ఎక్కువ. ఋణము కాలమును తాకట్టు పెట్టించుకొనును. దానిని విడిపించుటకు చేయు ప్రయత్నము మిగిలిన కాలమును కూడ తాకట్టు పెట్టరాదు.

దిద్దుబాటు

మరునాడు ఇద్దరును కూర్చుండి ఒకే కాగితముపై అన్ని అప్పులను వ్రాసిరి. 3 లక్షల డిపాజిట్టును, గడువునకు ముందుగా తీసినందున కొంత వడ్డీ తగ్గినను, రద్దు చేసి, 2 లక్షలతో ప్రోనోటు తీర్చిరి. 60,000తో కార్డు బాకీ కట్టిరి. మిగిలిన 40,000నకు, కూడబెట్టిన 24,000 చేర్చగా 64,000 రూపాయలు ఆపద్ధనముగా నిలిచినవి.

ఇక నోటు వడ్డీకి పోవుచున్న 4,000 రూపాయలు నెలనెల చేత మిగిలినవి. కోత పెట్టిన 3,000లో 1,000 మాత్రమే దానికి చేర్చి, నెలకు 5,000 రూపాయలు ఇంటి అప్పునకు అదనముగా కట్ట నారంభించిరి. కిస్తీ 22,995 అయినది. ఈ లెక్కన 14 లక్షల 20 వేల బాకీ పదియేండ్లకు బదులు 7 సంవత్సరములలోనే తీరును. వడ్డీలో సుమారు 2 లక్షల 44 వేలు మిగులును. 55వ యేట ప్రారంభించినది సరిగా 62వ యేట ముగియును.

మిగిలిన 2,000 రూపాయలు? అవి ఆ ఇల్లాలి చేతిలోని హుండీకి చేరినవి. సంవత్సరమునకు 24,000. శ్రీశైలయాత్ర, సంక్రాంతికి పిల్లల రాక, సోమవారపు అతిథిభోజనము, ఒక పత్రిక దానినుండియే జరుగవలెను. ఈ సొమ్ము అప్పునకు పోరాదు. అప్పు సొమ్ము దీనికి రారాదు. ఆనందమునకు హద్దు ఏర్పడినది గాన, దానివలన కొత్త అప్పు పుట్టదు.

ఆచరింపదగిన నియమములు

ఈ ఉదాహరణమునుండి గృహస్థులు గ్రహింపదగినవి ఇవి:

1. అప్పులన్నియు ఒకే కాగితముపై వ్రాయవలెను. ప్రతి వడ్డీని సంవత్సరపు లెక్కలోనికి మార్చవలెను. రూపాయి వడ్డీ అనగా 12 శాతము, రెండు రూపాయలు 24, కార్డుపై మూడున్నర రూపాయలు 42 శాతము. ఈ కాగితమును భార్యాభర్తలు ఇరువురును చూడవలెను.

2. ఎక్కువ వడ్డీ అప్పు ముందు, తక్కువ వడ్డీ అప్పు తరువాత తీర్చవలెను. ఎక్కువ వడ్డీకి అప్పు ఉంచుకొని, తక్కువ వడ్డీకి డిపాజిట్టు చేయుట పొదుపు కాదు. అయినను ఆపదకు కొంత సొమ్ము చేత ఉండియే తీరవలెను. లేనిచో మొదటి ఆసుపత్రి బిల్లు మరల వడ్డీవ్యాపారి గడప తొక్కించును.

3. ఇంటి అప్పునకు అదనముగా కట్టునపుడు, కిస్తీ తగ్గింపక గడువు తగ్గింపుడని బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మారుచుండు వడ్డీపై తీసికొనిన గృహఋణములను ముందుగా తీర్చినచో బ్యాంకులు అపరాధ రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది. స్థిరమైన వడ్డీ అయినచో పత్రములోని షరతులను ముందు చదువుకొనవలెను.

4. అప్పు తీర్చుటకై చీటీ పాడువారు కోల్పోవు సొమ్మును కూడ లెక్కించుకొనవలెను. 2019 చట్టసవరణ ప్రకారము చీటీ నడుపువారు 7 శాతము వరకు కమీషను తీసికొనవచ్చును. పాటలో పోవునది దీనికి అదనము. రిజిస్టరు కాని చీటీల జోలికి అసలే పోరాదు.

5. యాబదియైదు దాటిన పిదప కొత్త అప్పు చేయరాదు. ఇతరుల అప్పునకు జామీను ఉండరాదు. మొగమాటముతో పెట్టిన ఒక సంతకము విరమణానంతరము తలుపు తట్టుటకు వచ్చును.

6. కరవుభత్యముగాని, ఇంక్రిమెంటుగాని పెరిగినపుడు సగము అప్పునకు, సగము ఇంటికి అని ముందే నిర్ణయించుకొనవలెను. అంతయు అప్పునకే అన్నచో మనస్సు తిరుగబడును. అంతయు ఇంటికే అన్నచో అప్పు కదలదు.

7. ఎంత ప్రయత్నించినను విరమణ నాటికి కొంత మిగులువారు ఉందురు. వారు నిరాశ చెందవలదు. మిగిలిన కిస్తీ పింఛనులో నాలుగవ వంతు మించకుండునట్లు చూచుకొన్నచో జీవనము సాగును.

కాయకము, దాసోహము

బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారమును నిర్వహించినవాడు, లెక్క తెలిసినవాడు. ఆయన మార్గమున కాయకము, దాసోహము జంట. శ్రమించి సంపాదించుట కాయకము; ఆ ఫలమును పంచుకొనుట దాసోహము. నెలజీతములో పెద్దభాగము వడ్డీకి పోవు ఇంట కాయకమున్నను దాసోహమునకు చోటుండదు. కావున అప్పు తీర్చుట ధర్మమే. కాని అప్పు తీర్చుటకై అతిథి పీట ఎత్తివేసిన ఇంట కూడ ఆ జంట విడిపోవును.

రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య, ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినాడట. భార్య లక్కమ్మ ఆ అధికభాగమును తిరిగి అక్కడనే పోసి రమ్మనినది. అయితే అవసరమైన బియ్యమును ఆమె వలదనలేదు. దానితోనే వండి జంగములకు పెట్టినది. అధికమును వదలుకొనుట, అవసరమును ఆనందముగా అనుభవించుట, ఉన్నదానిని పంచుట ఈ మూడును ఆమె వంటయింటనే ఉన్నవి. పైన చెప్పిన ఇల్లాలు హుండీలో వేయు 2,000 రూపాయలు కూడ ఆ దారిలోనివే.

విరమణ దినమున పూలదండతో ఇంటికి వచ్చు గృహస్థునికి రెండు వరములు కావలెను. బాకీ లేని ఇల్లు ఒకటి. ఆ ఇంట ఇన్నేండ్లును నవ్వుచు తిరిగిన మనుష్యులు రెండవది. మొదటిదాని కొరకు రెండవదానిని పోగొట్టుకొన్నవాడు ఋణవిముక్తుడైనను సుఖి కాడు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మీ ఇంటి అప్పులన్నిటి సంవత్సరపు వడ్డీ ఎంత? అది మీ భార్యకు, లేక భర్తకు తెలియునా?

2. మీ కిస్తీలు ఏ వయస్సున ముగియును? మీ ఉద్యోగము ఏ వయస్సున ముగియును?

3. ‘అప్పు తీరిన తరువాత చూతము’ అని మీరు వాయిదా వేసిన సంతోషములలో, కాలము మించినచో తిరిగి రానివి ఏవి?