కోనసీమ గట్టు దారులు – సైకిలు ప్రయాణము

మోటారు వాహనముల రద్దీ లేని గ్రావెల్ దారులలో సైకిలుపై పల్లెసీమలను చూచివచ్చుట నేడు అనేక దేశములలో అభిరుచిగాను, కొన్నిచోట్ల క్రీడగాను వృద్ధి చెందినది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున ఎంపోరియా పట్టణము కేంద్రముగా 2006 నుండి గ్రావెల్ దారి సైకిలు పందెములు జరుగుచున్నవి. వీనికొరకు వెడల్పాటి టైర్లుగల ప్రత్యేకమైన సైకిళ్లు కూడ తయారగుచున్నవి. అయితే ఇట్టి దారులను వెదకుచు మనము సముద్రములు దాటి పోనక్కరలేదు. గోదావరి నోటనున్న కోనసీమలో కాలువ గట్లు, ఏటిగట్లు, పుంతలు ఇందుకు తగిన దారులుగా ఏనాటినుండియో ఉన్నవి. అవి ఎట్లు ఏర్పడినవి, వాని వెంట ఏమి చూడవచ్చును, వానిని ఏల కాపాడుకొనవలెను అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము.

గట్టు దారుల పుట్టుక

కోనసీమకు ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, దక్షిణమున బంగాళాఖాతము హద్దులు. నడుమ వైనతేయ పాయ ప్రవహించి రాజోలు సీమను అమలాపురము నుండి వేరుచేయుచున్నది. ఈ భూమి అంతయు నది తెచ్చి పోసిన ఒండ్రు. ఇచ్చట కొండ లేదు, గుట్ట లేదు. ఎత్తైన చోటు ఏదని అడిగిన, గట్టునే చూపవలెను.

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో పూర్తయినది. దాని స్థానమున నిర్మించిన 175 తలుపుల బ్యారేజి 1982లో జాతికి అంకితమైనది. ఆనకట్టనుండి బయలుదేరిన మధ్య డెల్టా కాలువలే కోనసీమకు ప్రాణాధారము. కాలువ త్రవ్వగా వచ్చిన మట్టిని రెండు వైపుల పోసి గట్లు కట్టిరి. కాటన్ కాలువలను సేద్యమునకు మాత్రమే ఉద్దేశింపలేదు, పడవల రాకపోకలకు కూడ ఉద్దేశించెను. లాకులు అందులకే వెలసినవి. గాలి అనుకూలింపని వేళ పడవవారు గట్టునెక్కి, త్రాడు భుజమునకు వైచుకొని పడవను లాగుచు నడచెడివారు. కావున కాలువ గట్టు మొదటినుండియు మనిషి నడకకు ఏర్పడిన దారియే. రోడ్డు రవాణా పెరిగి పడవలు తగ్గిపోయినను ఆ దారి మిగిలినది.

ఏటిగట్టు సంగతి వేరు. అది గోదావరి వరదనుండి ఊళ్లను, పొలములను కాపాడు కట్ట. ఇక పొలముల నడుమ బండ్లు పోవు ఉమ్మడి దారిని గోదావరి జిల్లాలలో పుంత అందురు. కాలువ గట్టు, ఏటిగట్టు, పుంత – ఈ మూడును కలిసి ఊరికి ఊరిని అల్లుచున్న దారుల వల వంటివి.

ఇచ్చటి నేల తడిసినచో జిగటగా మారి సైకిలు మడ్‌గార్డులకు పట్టుకొని చక్రమును కదలనీయదు. అందుచే మెట్ట ప్రాంతములనుండి ఎర్రని గ్రావెల్ తెచ్చి గట్లపై పరతురు. మన ఊళ్లలో పాలవారు, ఉపాధ్యాయులు తరతరములుగా త్రొక్కిన మామూలు సైకిలు టైరు సుమారు నలుబది మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. విదేశములలో గ్రావెల్ సైకిలు పేరిట అమ్మునవి అనేకము ఈ కొలతకు దగ్గరివే. కావున మనకు కొత్త సైకిలు అక్కరలేదు. చక్రములలో గాలి కొంచెము తగ్గించుకొనిన చాలును.

మూడు మజిలీలు

మంజిల్ అను ఉర్దూ మాటయే తెలుగున మజిలీ అయినది. మన ప్రయాణమును మూడు మజిలీలుగా విభజించుకొందము. ఈ దారి అంతయు ఒకే తీరుగా ఉండదు. కొంతమేర తారు పడినది, కొంతమేర గ్రావెల్, కొంతమేర వట్టి మట్టి.

మొదటి మజిలీ బొబ్బర్లంకనుండి కొత్తపేట వరకు. బ్యారేజి దాటి ఆత్రేయపురము వైపు సాగిన, నిండుగా ప్రవహించు కాలువ తోడుగా వచ్చును. ఆత్రేయపురము పూతరేకులకు ప్రసిద్ధి. సమీపముననే లొల్ల లాకులు కలవు. ఒక కాలువ పలు శాఖలుగా చీలి కోనసీమకు నీరు ఎట్లు పంచబడుచున్నదో పాఠ్యపుస్తకముకంటె ఇచ్చట స్పష్టముగా తెలియును. అటు పిమ్మట రావులపాలెము. ఇది అరటి వ్యాపారమునకు కేంద్రము. జాతీయ రహదారిని జాగ్రత్తగా దాటి కొత్తపేట చేరవచ్చును.

రెండవ మజిలీ కొత్తపేటనుండి అంబాజీపేట మీదుగా పి.గన్నవరము వరకు. వరిచేలు క్రమముగా తగ్గి కొబ్బరితోటలు చిక్కబడును. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పేరు పొందినది. పి.గన్నవరము వద్ద చూడదగినది అక్విడక్టు. వైనతేయ పాయపై వంతెన వలె కట్టి, నదిపైనుండి కాలువను దాటించి రాజోలు సీమకు నీరు పంపిరి. పంతొమ్మిదవ శతాబ్ది నడుమ కట్టిన పాత అక్విడక్టు ప్రక్కన 2000 సంవత్సరమున కొత్తది వాడుకలోనికి వచ్చినది. దానికి అన్నదాతగా కీర్తిగాంచిన డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. క్రింద నది, పైన కాలువ ప్రవహించు ఈ దృశ్యమును బస్సు కిటికీనుండి చూచినవారు క్షణకాలము మాత్రమే చూచెదరు. సైకిలు దిగి నిలిచినవారు దానిని అర్థము చేసికొందురు.

మూడవ మజిలీ రాజోలు మీదుగా సఖినేటిపల్లి, అంతర్వేది వరకు. వసిష్ఠ ఏటిగట్టునుండి చూచిన ఒకవైపు నది, లంకభూములు, మరొకవైపు గట్టుకంటె దిగువనున్న ఇండ్లు, కొబ్బరిచెట్ల తలలు కనబడును. తీరము దగ్గరపడిన కొలది నేల ఇసుక పాలగును, సరుగుడు తోటలు ఎదురగును. అంతర్వేది వద్ద వసిష్ఠ సముద్రమున కలియును. ఒక నది నీరు పంపకమగు చోటినుండి సముద్రమున కలియు చోటివరకు సైకిలుపై చూడగలుగుట భూగోళ శాస్త్ర విద్యార్థికి అరుదైన అవకాశము.

గట్టునకు సైకిలు మిత్రము

గట్టు మొదటి ధర్మము నీటిని ఆపుట. దారిగా ఉపయోగపడుట రెండవది. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహించినది. ఏటిగట్లకు గండ్లు పడి కోనసీమ పల్లెలు మునిగినవి. 2022 జులైలో మరల 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. ఈ భూమిపై నివసించువారికి గట్టు బలము ప్రాణముతో సమానము.

మట్టిగాని ఇసుకగాని నిండుగా ఎత్తిన పెద్ద లారీ బరువు ఇరువది టన్నులకు పైమాటే. సైకిలు, దానిపై మనిషి కలిసినను క్వింటాలు బరువు దాటుట అరుదు. లారీ చక్రముల క్రింద గట్టు పైభాగము గాళ్లు పడును. ఆ గాళ్లలో వాననీరు నిలిచి లోనికి ఇంకును, అంచులు కోసికొనిపోవును. సైకిలు వలన ఈ హాని లేదు. కావున భారీ వాహనములు లేని గట్టు సైకిలువానికి సుఖము, ఊరికి క్షేమము. ఈ రెండు ప్రయోజనములు ఒక్కటే అనునది మనము ముఖ్యముగా గ్రహింపదగినది.

అన్ని గట్లపైనను తారు వేయవద్దని, బండ్లు పోరాదని మనము కోరుట న్యాయము కాదు. కొన్ని ఊళ్లకు గట్టే ఏకైక దారి. అచ్చట అంబులెన్సు రావలెను, రైతు పంట పోవలెను. గట్టునకు సమాంతరముగా వేరొక రోడ్డు ఉన్నచోట మాత్రము గట్టును గ్రావెల్‌గానే ఉంచి, దాని మొగలో సైకిలు పట్టునంత సందు విడిచి దిమ్మెలు నాటవచ్చును. నీటిపారుదల శాఖవారి రాకపోకలకు తాళము గల గేటు ఉండిన చాలును.

ఇతరుల అనుభవము

నెదర్లాండ్సు కూడ కోనసీమ వలె నదుల నోట ఏర్పడిన పల్లపు దేశము. వరదకట్టలపై సైకిలు దారులు అచ్చట సర్వసామాన్యము. ఆ దేశమున 1970 దశాబ్దమున మోటారు వాహనముల క్రింద పిల్లలు మరణించుటను సహింపలేక తల్లిదండ్రులు ఉద్యమించిరి. నేటి సైకిలు దారుల విస్తరణకు ఆ ఉద్యమము ఒక ముఖ్య కారణము. ఫ్రాన్సులో 1666 నుండి 1681 వరకు త్రవ్విన మిడి కాలువ 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినది. ఒకప్పుడు పడవలను లాగు గుర్రములు నడచిన ఆ గట్లపై నేడు సైకిలు యాత్రికులు పోవుచున్నారు. మన కాలువ గట్ల చరిత్రయు ఇట్టిదే కదా! 2023లో హైదరాబాదు బాహ్య వలయ రహదారి వెంట సౌర ఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారిని నిర్మించిరి. అచ్చట దారిని కొత్తగా కట్టవలసి వచ్చినది. కోనసీమలో ఉన్నదానిని నిలుపుకొనిన చాలును.

విద్యార్థులకు, కమిటీవారికి మనవి

సైకిలు విహారమునకు మాత్రమే గాక విద్యకు కూడ వాహనము. 1990 దశాబ్దపు ఆరంభమున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది స్త్రీలు సైకిలు నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల పథకము ప్రారంభించగా ఉన్నత పాఠశాలలలో బాలికల సంఖ్య పెరిగినది. మన రాష్ట్రమున కూడ బడికొస్తా అను పేరిట బాలికలకు సైకిళ్లు ఇచ్చిరి. అయితే సైకిలు ఇచ్చి, లారీలు పరుగెత్తు ఇరుకు రోడ్డుపైకి బిడ్డను పంపుట సగము మేలు. భయము లేని దారి కూడ ఇచ్చిననే మేలు పూర్తియగును.

గట్టుపై పోవు విద్యార్థులు కొన్ని నియమములు పాటింపవలెను. వరద హెచ్చరిక ఉన్న దినములలో ఏటిగట్టు ఎక్కరాదు. అప్పుడది ఇసుక బస్తాలు మోయువారి దారి. అంచునకు దగ్గరగా పోరాదు. చీకటి పడకమునుపే గమ్యము చేరవలెను. పశువులకు, నెత్తిన గడ్డిమోపు ఉన్నవారికి త్రోవ ఇచ్చి నిలువవలెను. తుపానుల కాలము గడచిన పిదప, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణమునకు అనువైన కాలము. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. ఆ దినములలో పోయిన నీటి అందము కానరాదు గాని, లాకుల, తూముల కట్టడమును అడుగువరకు చూడవచ్చును.

కళాశాల కమిటీవారు ఏటేట జరుపు విజ్ఞానయాత్రలలో ఒకదానిని ఈ గట్ల వెంట సైకిలుపై ఏర్పాటు చేయుదురుగాక. విద్యార్థినీ విద్యార్థులు జట్లుగా విడిపోయి ఏ గట్టు తారు, ఏది గ్రావెల్, ఎచ్చట కోత పడినది, ఎచ్చట ఆక్రమణ ఉన్నది అని వ్రాసికొని ఒక పటము తయారుచేసిన, అది ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను ప్రకటింపదగును. ఆ పటమును నీటిపారుదల శాఖవారికి అందజేసిన అది వారికిని ఉపకరించును. దారి ఎచ్చటెచ్చట ఉన్నదో తెలిసినవారే అది పోవుచున్నప్పుడు అడుగగలరు.