కోడిపిల్లల పెంపకమును, కూరగాయల పద్దును

ఇంటి వ్యయములలో బియ్యము, పప్పు, నూనెల పద్దులు నెలనెలకు నంతగా మారవు. కూరగాయల పద్దు మాత్రము వారమున కొకరీతిగా నుండును. వాన హెచ్చినను, తగ్గినను సంతలో ధర మారును. కొన్న కూరలలో కొంత వండకమునుపే చెడిపోవును. కొంత తొక్కలుగాను, కాడలుగాను, ముదురాకులుగాను పెంటకుప్ప చేరును. ఇట్లు పారవేయబడుదానిని మరల గ్రుడ్డుగాను, ఆకుకూరగాను మార్చుకొను నుపాయ మొకటి కలదు. అది పెరటిలో నాలుగు కోళ్లను పెంచుట. ఇందు లాభము తానై వచ్చునని మేము చెప్పము. మేతయంతయు కొని పెట్టువానికి మిగులు స్వల్పము. మొదటి నాలుగు వారములు అశ్రద్ధ చేయువానికి కోళ్లే మిగులవు. ఈ రెండు విషయములనే యిచ్చట వివరించెదము.

1. పిల్లలు

కోడి పొదిగిన 21వ దినమున గ్రుడ్డు చిట్లి పిల్ల వెలువడును. నాటుపెట్ట యొకతూరి పది పండ్రెండు గ్రుడ్లను పొదుగగలదు. పిల్లలను రెక్కలక్రింద దాచి వెచ్చగా నుంచుటయు దానికే తెలియును. అయితే నాటుపెట్ట పెట్టు గ్రుడ్లు తక్కువ. పెరటి పెంపకము కొరకై హైదరాబాదు చేరువ రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాసంస్థవారు వనరాజ, గ్రామప్రియ యను రకములను వృద్ధిచేసిరి. వనరాజపెట్ట పెరటిలో తిరుగుచు ఏటికి సుమారు 100 గ్రుడ్లు పెట్టును. గ్రామప్రియ యంతకంటెను హెచ్చుగా పెట్టును. కాని యీ రకములకు పొదుగు స్వభావము మిక్కిలి తక్కువ. కావున నివి యంత్రములందు పొదుగబడి, తల్లిలేని పిల్లలుగా మనయిండ్లకు వచ్చును. వీనికి మనమే తల్లి కావలయును.

2. వెచ్చదనము

పిల్లలు దిగుటకు ముందే చోటు సిద్ధము చేయవలెను. తడికనుగాని, దళసరి అట్టనుగాని గుండ్రముగా చుట్టి నిలుపుడు. మూలలున్నచో పిల్లలు చలికి అందు గుమిగూడి, ఒకదానిపై నొకటి యెక్కి, అడుగుననున్నవి ఊపిరాడక చచ్చును. నేలపై రెండంగుళముల మందమున ఎండిన ఊక పోయవలెను. మొదటి వారమున పిల్లల వీపుమట్టమున 95 ఫారన్‌హీటు డిగ్రీల వేడి యుండవలెను. పిమ్మట వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును.

ఉష్ణమాపకము లేదని దిగులుపడ నక్కరలేదు, పిల్లలే యుష్ణమాపకములు. దీపము క్రింద ముద్దగా గుమిగూడి కిచకిచలాడినచో చలి యని గ్రహింపుడు. దీపమునకు దూరముగా తొలగి నోరు తెరచి రొప్పినచో వేడి హెచ్చినదని యర్థము. అంతటను సమముగా పరచుకొని, కొన్ని తినుచు, కొన్ని పండుకొని యున్నచో చాలినంత యున్నదని తెలియవలెను. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములు వెలుగునిచ్చునేగాని, పిల్లలకు చాలునంత వేడి నీయవు. ఇందుకు పాతతరహా తీగబల్బు కావలెను. అది జారి ఊకపై పడి నిప్పంటుకొనకుండ గట్టిగా వ్రేలాడగట్టవలెను. మన యెండకాలపు పగటివేళ దీపము పనిలేకపోవచ్చును. వానరాత్రియందు మాత్ర మొక్క గంట యారినను ప్రమాదమే.

3. నీరు, మేత

గ్రుడ్డునుండి వెలువడుటకు ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసుకొనును. కనుకనే అది రెండు దినములు మేతలేకయే ప్రయాణము చేయగలదు. ఇల్లు చేరినంతనే ముందుగా నీరు, పిదప మేత నీయవలెను. తొలినాటి నీటిలో కొంచెము బెల్లము కలుపుట మంచిది. లోతులేని పళ్లెములో గులకరాళ్లు వేసి నీరు పోసినచో పిల్లలు మునిగిపోవు.

నూకలు చల్లిన చాలునని పలువురు తలంతురు. నూకలవలన కడుపు నిండునేగాని, కండయు, ఈకయు పెరుగవు. చిన్నపిల్లల మేతలో నూటికి 20 పాళ్లు మాంసకృత్తు లుండవలెను. ఇందుకై నూకలతోగాని, జొన్న, మొక్కజొన్నల రవ్వతోగాని వేరుసెనగ చెక్కను, ఎండుచేపల పొడిని, కొంచెము తవుడును కలుపుదురు. తొలి నాలుగు వారములకు అంగడిలో దొరకు పిల్లమేతయే నమ్మకమైనది. బూజుపట్టిన చెక్కను ఎంత చౌకగా నిచ్చినను కొనరాదు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా సీమకోళ్లు చచ్చుటకు వేరుసెనగ చెక్కలోని బూజు విషమే కారణమని తేలెను.

4. తెగుళ్లు

కొక్కెర తెగులు సోకిన పిమ్మట మందు లేదు. అది రాకుండ టీకాయే రక్ష. ఐదవ దినము మొదలు ఏడవ దినములోపల పిల్లకంటిలో నొకచుక్క టీకామందు వేయుదురు. పిమ్మటి టీకాల కాలమును పశువైద్యుని యడిగి వ్రాసికొనవలెను. ఊక తడిసినచో రక్తపారుడు పుట్టును. తడిసినదానిని వెంటనే తీసివేయుడు. పిల్లలను ముట్టిన చేతులను సబ్బుతో కడుగకయే అన్నము తినరాదు.

5. కూరగాయల పద్దు

సంతనుండి కూరలు వచ్చిన దినమున పుస్తకములో మూడు గళ్లు గీయుడు: కొన్నది, వండినది, పారవేసినది. మూడవగడిని తూకమువేసి నింపవలెను. నాలుగు వారములలో ఇంటి నష్ట మెక్కడనున్నదో తెలియును. పెక్కిండ్లలో నష్టము వండు వరుసలో నుండును. ఆకుకూరలు మొదటిదినముననే వండవలెను. బెండ, వంకాయలు రెండు మూడు దినములలో. దొండ, కాకరలు పిదప. గుమ్మడి, కంద, పెండలములు వారాంతమునకు నిలుపవలెను. ధర పడిపోయిన దినములలో హెచ్చుగా కొని వంకాయ, మామిడికాయలను ఒరుగులు చేసికొన్నచో కరవుదినములందు పనికివచ్చును. బీరతొక్కు పచ్చడికగును.

అప్పటికిని మిగిలిన ఆకులు, గింజలు, మెతుకులు పెరిగిన కోళ్లకు చెందును. అయితే బూజుపట్టినవి, ఊరగాయ ఉప్పు గలవి, పచ్చబారిన ఉర్లగడ్డలు వేయరాదు. కోళ్లరెట్ట కలిసిన ఊకను గోతిలోవేసి రెండు మూడు నెలలు మాగనిచ్చి తోటకూర, బచ్చలి, గోంగూర మళ్లకు వేయుడు. పచ్చిరెట్ట వేళ్లను మాడ్చును. తోటకూర నెలలోపుననే కోతకు వచ్చును. మడిచుట్టు తడిక కట్టనిచో మన కోళ్లే మొలకలను తినివేయును.

6. లెక్క

పది పిల్లలను తెచ్చితిమనుకొందము. రెండు పోయినవనుకొన్నచో ఎనిమిది మిగులును. వానిలో సగము పుంజులు. నాలుగు పెట్టలు ఏటికి తలకు 100 చొప్పున 400 గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క పెట్ట దినమునకు సుమారు 110 గ్రాముల మేత తినును. అంతయు కొన్నచో ఏటికి 160 కిలోగ్రాములు, అనగా గ్రుడ్డొకటికి 400 గ్రాముల మేత. పెరడు, వంటిల్లు కలిసి సగము మేతను సమకూర్చినచో గ్రుడ్డొకటికి 200 గ్రాములే. మీ యూరి మేతధరను, గ్రుడ్డుధరను ఇందుంచి చూడుడు. పిల్లల వెలను, పుంజులు తిను మేతను ఖర్చులో చేర్చి, పుంజుల నమ్మిన సొమ్మును రాబడిలో కలుపుడు. లాభము పారవేయు గడిలోనుండియే పుట్టుచున్నదని మీకే తోచును.

ఐదుగురున్న యింటికి 400 గ్రుడ్లనగా మనిషికి 80. అనగా నాలుగైదు దినముల కొక్కటి. కలవారికిది స్వల్పము. బిడ్డకు జబ్బుచేసిన దినముననే గ్రుడ్డు కొను నింటికి స్వల్పము కాదు. పల్లెలనుండి వచ్చి చదువుకొను మన విద్యార్థులలో నట్టి యిండ్లవారు పలువురు కలరు. వారు వేసవి సెలవులలో ఇంటికి పోయినపుడు ముందుగా ఆ మూడుగళ్ల పుస్తకము నొకనెల నడిపి, పెరటికి మిగులుమేత యెంతయో తెలిసికొని, వానలకు ముందే గూడు కట్టుకొని, అంతకు తగినన్ని పిల్లలను మాత్రమే తేవలెనని మా కోరిక.